‘పరారీ’ అనే మాట

పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళాడనీ, తిరిగి బయటకు రాలేదనీ మావైపు జనం చెప్పుకుంటారు. ఆయన చనిపోయాడని మాత్రం ఎవరూ అనరు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరులను తలుచుకుంటూ ఆరాధన సాగుతూనే వుంది. నాయకుడు కనిపించకుండా పోతే కథ పుడుతుంది. కూలివాడు కనిపించకుండా పోతే రిజిస్టరులో ఒక ముక్క పడుతుంది. ఈ రెండో రకం అదృశ్యాన్ని గూర్చే నేను వ్రాయదలచుకున్నాను.

మా పెదనాన్న కొడుకు, నాకు అన్న వరస, మిరప చేలలో పనికి పోయేవాడు. అతనికి మతి చెదిరింది. ఇంట్లోవాళ్ళు ముందు దర్గాకు తీసుకుపోయారు, ఆ పైన అప్పు చేసి ఒక ఆసుపత్రిలో చేర్పించారు. పదకొండో నాడు మా పెద్దమ్మ టీ తేవడానికి కిందికి దిగి వచ్చేసరికి మంచం ఖాళీగా వుంది. కేసు కాగితం మీద ‘అబ్‌స్కాండెడ్’ అని వ్రాశారు. పోలీసు స్టేషనులో దాన్ని తెలుగులో ‘పరారీ’ అన్నారు. ఆ ఊరి స్టేషనువారు ఫిర్యాదు మీ ఊళ్ళో ఇచ్చుకోండన్నారు. మా ఊరి స్టేషనువారు మనిషి పోయింది అక్కడ కదా అన్నారు. “వాడేం దొంగతనం చేశాడ్రా, పరారీ అంటున్నారు?” అని పెద్దమ్మ నన్నడిగింది. చదువుకున్నవాణ్ణని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు 1858లో వున్నది. 1857 తిరుగుబాటు రేగిన మరుసటి ఏడే ఆంగ్ల ప్రభుత్వం ఉన్మాదులను గూర్చి ఒకేసారి మూడు చట్టాలు చేసింది: 34వది, 35వది, 36వది. ఎందుకింత తొందర పడ్డారో ఊహించవచ్చు. మొదటి రెండూ ప్రధానంగా ఆస్తికి సంబంధించినవి. మతి తప్పినవాడి భూమి ఎవరి చేతికి పోవాలి, దానికి విచారణ ఏ కోర్టు జరపాలి అన్నది వాటి చింత. మూడోది పిచ్చాసుపత్రుల చట్టం. దేశంలో తిరుగాడే పిచ్చివాణ్ణి పట్టుకుని మేజిస్ట్రేటు ఎదుటికి పంపడం దాని ప్రకారం దరోగా విధి. ఆస్తి వున్నవాడి పిచ్చికి జడ్జీ, లేనివాడి పిచ్చికి దరోగా! వర్గస్వభావం అనే మాటను అరిగిపోయిన మాటగా తీసిపారేసే మిత్రులు ఈ మూడు చట్టాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదవాలని నా మనవి.

అలా పట్టుబడ్డ పల్నాటి మనిషి ఎక్కడికి పోయేవాడు? 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్ళీ 1904లో గాని అది విడిగా ఏర్పడలేదు. అంతకాలం పల్నాడు ఆ పెద్ద జిల్లాలో ఒక మూల తాలూకాగా వుండిపోయింది. మద్రాసు రాజధానిలో ప్రభుత్వ పిచ్చాసుపత్రులు మూడే: మద్రాసు కీల్పాకులో 1871లో తెరిచినది, అదే ఏడు వాల్తేరులో పెట్టినది, 1872 నాటి కాలికట్టుది. గురజాల నుంచి మద్రాసుకైనా వాల్తేరుకైనా నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. మాచర్లకు రైలు వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. కొడుకును చూసి రావాలంటే ఒక కాపుకు ఎన్నాళ్ళు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి చూడండి. గోడ దాటకముందే ఆ రోగి తనవాళ్ళకు సగం తప్పిపోయాడన్నమాట.

ఆ ఆసుపత్రుల వార్షిక నివేదికల్లో పట్టికలుంటాయి. నయమైనవారు ఇందరు, బంధువులకు అప్పగించినవారు ఇందరు, మరణించినవారు ఇందరు, తప్పించుకున్నవారు ఇందరు. చివరి అంకె సాధారణంగా చిన్నది. దాన్ని చూసి ఏలినవారు అడిగింది కావలి ఎక్కడ సడలిందని. మనిషి ఎటు పోయాడు, తిన్నాడా, బ్రతికాడా అనడానికి ఆ పట్టికలో గడి లేదు.

తర్వాత 1912 చట్టం వచ్చింది. పారిపోయిన రోగిని పోలీసులు గాని ఆసుపత్రి కావలివారు గాని మళ్ళీ పట్టుకోవచ్చునన్నది. అయితే నేరస్థుడు కాని సాధారణ రోగి విషయంలో ఆ అధికారానికి గడువు ఒక్క నెల. ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. నెలరోజులు బయట నిలదొక్కుకున్నవాణ్ణి పాత ఉత్తర్వు మీదనే మళ్ళీ బంధించడం కుదరదు. కాని గడువంతా పట్టుకునే అధికారానికే. వెతికే బాధ్యత అనేది ఎక్కడా లేదు, కనుక దానికి గడువూ లేదు.

గోడ లోపలే తప్పిపోయినవారూ వున్నారు. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే గిరిజనుణ్ణి 1951లో అరెస్టు చేసి, మతి లేదని తేజ్‌పూర్ ఆసుపత్రికి పంపారు. నయమైందని 1967లో ఆసుపత్రే వ్రాసింది. ఇంటికి పోవలసినవాడు జైలుకు పోయాడు. బయటపడింది 2005లో, ఒక్క రూపాయి పూచీకత్తు మీద. యాభైనాలుగు సంవత్సరాలు! ఆయన ఎక్కడికీ పారిపోలేదు. ఫైలు ఆయన్ను మరచిపోయింది, అంతే.

పిచ్చాసుపత్రి అంటేనే జైలు, అందులోంచి పారిపోవడం తిరుగుబాటు అని వాదించే విద్యార్థి మిత్రులున్నారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన గ్రంథాలు కొన్ని ఈ వాదానికి ఊతమిస్తున్నాయి. జైలు అన్న మాట అబద్ధం కాదు. జాతీయ మానవహక్కుల సంఘం 1999లో వెలువరించిన నివేదికలో, చూసిన 37 ఆసుపత్రుల్లో మూడో వంతుకు పైగా ఇంకా జైలు కట్టడాలుగానే వున్నాయని తేలింది. అయినా నడికుడి ప్లాటుఫారం మీద అరటితొక్కలు ఏరుకుంటున్నవాణ్ణి చూసి తిరుగుబాటుదారని చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు. మందు ఆగిపోయి, ఊరి పేరు మరచి, భాష తెలియని రైలెక్కినవాడికి స్వేచ్ఛ అనేది ఎక్కడ దొరుకుతుంది?

ఈ వాదన మరచిన సంగతి మరొకటి వుంది. మనిషి పోతాడనే భయమే గొలుసును తయారుచేస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా నీడన వెలసిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుని 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టివుండటం వల్ల వారు కదలలేకపోయారు. వారిని అక్కడ వదిలినవారంతా కసాయివాళ్ళని నేననుకోను. మా పెద్దమ్మ కూడా, “కట్టేసివుంటే వుండేవాడేమో” అని ఒకనాడు అన్నది. కూలికి పోతే గాని పొయ్యి వెలగని ఇంట్లో పగలు కాపలా వుండేదెవరు? ఆ కాపలా పనిని సమాజం తన మీద వేసుకోనంతకాలం గొలుసు అమ్ముడవుతూనే వుంటుంది. 2017 చట్టం గొలుసును నిషేధించింది. కాపలాకు వచ్చే మనిషిని మాత్రం మా ఊరికి పంపలేదు.

అయినా ఆ చట్టానికి దక్కవలసిన మెప్పు దక్కాలి. దిక్కులేక తిరుగుతున్న మనోరోగి కనిపిస్తే, తప్పిపోయిన మనిషిగా ప్రథమ సమాచార నివేదిక నమోదు చేసి, అతని కుటుంబాన్ని వెతకడం స్టేషను అధికారి విధి అన్నది. 1858లో దరోగా పట్టుకోవలసినవాడు, 2017 నాటికి వెతకవలసినవాడయ్యాడు. ఈ ఒక్క మాట మారడానికి 159 సంవత్సరాలు పట్టింది. అది స్టేషను గడపదాకా చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో మరి. వెతికితే దొరకరా అంటే, దొరుకుతారు. మహారాష్ట్రలో డాక్టర్ భరత్ వట్వానీ దంపతులు నడిపే సంస్థ వీధుల్లో తిరిగే వేలమందికి మందిచ్చి, ఊరి పేరు రాబట్టి, ఇళ్ళకు చేర్చింది. 2018లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఒక వైద్యుడు చేయగలిగిన పని ప్రభుత్వానికి అసాధ్యమంటే నేను నమ్మను.

మా అన్న భార్య ఇప్పుడు తాలూకాఫీసు చుట్టూ తిరుగుతున్నది. ఎకరం పొలం పాసుపుస్తకం అతని పేరనే వున్నది. వితంతు పింఛను అడిగితే మరణ ధ్రువపత్రం తెమ్మంటారు. 1872 సాక్ష్య చట్టం ప్రకారం, ఒక మనిషి కబురు తెలియవలసినవారికి ఏడేళ్ళపాటు తెలియకపోతే, అతను బ్రతికివున్నాడని చూపవలసిన భారం అలా అనేవారి మీద పడుతుంది. 2023లో తెచ్చిన కొత్త చట్టంలోనూ ఆ ఏడేళ్ళను అట్లాగే వుంచారు. ఆమెకు ఇంకా మూడేళ్ళున్నాయి. ఈలోగా కోర్టుకు పోయి, ఆయన లేడని ప్రమాణం చేయమని ఎవరో ప్లీడరు సలహా చెప్పాడట. సంతకం పెట్టనన్నది. బొట్టు తీయలేదు. ఆదివారం నాడు నరసరావుపేట రైలు స్టేషనుకు ఫోటో తీసుకుని పోయి వస్తుంటుంది.