తడి తేయాకు నుంచి ప్రీ-స్ప్రే దాకా

విక్టోరియా రాణి కాలంలో లండన్ ఇళ్లలో టీ కాచగా మిగిలిన ఆకును పారేసేవారు కాదు. తడిగా ఉండగానే తివాచీ మీద చల్లి, ఆ తర్వాత చీపురు పట్టేవారు. 1861లో వెలువడిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథంలోనూ ఈ పద్ధతి ఉంది. ఆకు తడికి దుమ్ము అంటుకుపోతుంది, గాల్లోకి లేవదు. శుభ్రం చేసే ముందే మురికిని అందుకు సిద్ధం చేయాలన్న ఆలోచన ఇందులో ఉంది. ఇవాళ్టి కార్పెట్ క్లీనర్లు ప్రీ-స్ప్రే అని పిలిచే పనికి తొలి రూపం ఇదే.

తివాచీల చరిత్ర రాసేవారు మాత్రం యంత్రాల గురించే ఎక్కువ చెబుతారు. అందులో అన్యాయమేమీ లేదు, ఆ యంత్రాలు అంత గొప్పవి. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ తయారుచేసిన వాక్యూమ్ యంత్రం గుర్రబ్బండి మీద వచ్చి వీధిలో ఆగేది. దాని పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి ఇంట్లోకి లాగి దుమ్ము పీల్చేవారు. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పరిచిన తివాచీలను శుభ్రం చేసింది కూడా అదే. ఏడాదికోసారి తివాచీని పెరట్లోకి మోసుకెళ్లి, తాడు మీద వేసి బెత్తంతో బాదే చాకిరీకి అక్కడినుంచే కాలం చెల్లడం మొదలైంది.

అయితే పీల్చితే వచ్చేది పొడి దుమ్మే. వంటింటి జిడ్డు, చెప్పులకు అంటుకొచ్చిన నూనె మరకలు నూలుపోగును పట్టుకుని కూర్చుంటాయి. ఈ ఇబ్బంది అసలు ముదిరింది అమెరికాలో, రెండో ప్రపంచయుద్ధం తర్వాత. జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ పట్టణంలో 1895లో కాథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి చేత్తో కుచ్చులు కుట్టిన దుప్పటి ఒకటి చేసింది. ఆ కుచ్చుల పనే తర్వాత యంత్రాలకెక్కి చవక కార్పెట్ల పరిశ్రమ అయింది. గది మొత్తం పరిచి, గోడల వెంట మేకుల పట్టీలకు బిగించిన కార్పెట్ మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చేసింది. దాన్ని పెరట్లోకి మోయలేరు, తాడు మీద వేయలేరు. ఉన్నచోటే కడగాలి.

మొదట గుండ్రంగా తిరిగే బ్రష్షులతో షాంపూ రుద్దారు. నురగ పోగుల్లోనే ఎండి జిగటగా మిగిలేది, కొత్త మురికిని త్వరగా పట్టేది. తర్వాత వేన్నీళ్లను ఒత్తిడితో చిమ్మి, వెంటనే వెనక్కి పీల్చే యంత్రాలొచ్చాయి. తొలిరోజుల్లో మురికి వదిలించే మందును ఆ నీళ్ల ట్యాంకులోనే కలిపేవారు. చిమ్మడం, పీల్చడం క్షణాల్లో జరిగిపోతే జిడ్డు కరగడానికి వ్యవధి ఎక్కడిది? అందుకే వృత్తిలో ఆరితేరినవారు మందును విడదీశారు. ముందు చల్లి నాననిచ్చి, వేన్నీళ్లను జాడించడానికి ఉంచుకున్నారు.

జర్మనీలోని హెంకెల్ కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ 1959లో ఉతుకుడు సూత్రాన్ని నాలుగు అంశాలుగా చెప్పాడు: మందు, వేడి, రాపిడి, సమయం. ఒకటి తగ్గిస్తే మిగతావాటిని పెంచాలి. తెలుగు చాకిరేవుల్లో ఈ నాలుగూ ఏనాటి నుంచో ఉన్నాయి. చవుడు మట్టి నీళ్లలో బట్టలు తడిపి, ఉబ్బకు వేసి, నానిన తర్వాతే బండ మీద బాదేవారు. చవుడులోని క్షారం, ఉబ్బలోని ఆవిరి ముందుగా పని చేసిపెడితే బాదుడు తగ్గుతుంది, బట్ట ఎక్కువ కాలం మన్నుతుంది. ప్రీ-స్ప్రే చేసేది కూడా సరిగ్గా ఇదే.

చల్లే సాధనాలు ఒక్కో మెట్టే మారాయి. మొదట్లో తోటల్లో మందు కొట్టే చేతిపంపు డబ్బా. అది చిన్న గదులకు ఇప్పటికీ చాలు, కానీ గాలి తగ్గేకొద్దీ ధార బలహీనపడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. విద్యుత్ పంపు ఆ హెచ్చుతగ్గులు తీర్చింది. పెద్ద పనులకు ఇంజెక్షన్ స్ప్రేయర్ వచ్చింది. యంత్రం నుంచి ఒత్తిడితో వచ్చే వేన్నీళ్లే, చల్లే తుపాకీకి తగిలించిన సీసాలోని చిక్కటి మందును దారిలో లాక్కుని కలుపుకుంటాయి. సాధారణంగా ఒక పాలు మందుకు ఎనిమిది పాళ్ల నీళ్లు.

సాధనం ఏదైనా చేయి తిరిగినవాడి పని వేరు. ముందు వాక్యూమ్ పడతాడు, లేకపోతే పొడి దుమ్ము బురదవుతుంది. గది లోపలి మూల నుంచి మొదలుపెట్టి తలుపువైపు వెనక్కి నడుస్తాడు, తడిసిన చోట అడుగు పెట్టడు. విసనకర్రలా విచ్చుకునే ధారను ఒక వరుస మీద మరో వరుస కాస్త ఎక్కేలా తిప్పుతాడు. నడక ఎక్కువగా సాగే దారిలో రెండోసారి చల్లుతాడు. ఆపైన బ్రష్షు. పది, పదిహేను నిమిషాలు ఆగుతాడు, ఆరిపోనివ్వడు. మందును కుమ్మరించడం పెద్ద తప్పు. అడుగున జనపనార గుడ్డ ఉన్న తివాచీ అతిగా తడిస్తే ఆరేటప్పుడు గోధుమరంగు మరకలు పైకి తేలతాయి.

1986లో డ్యూపాంట్ స్టెయిన్‌మాస్టర్ కార్పెట్లు తెచ్చాక మందు ఎంపిక కూడా సున్నితమైంది. వాటి మీది మరక పట్టని పూత నిలవాలంటే మందు పీహెచ్ 10 దాటకూడదు. ఉన్నికి క్షారం ఇంకా తగ్గాలి.

మరో కొత్త మార్గంలో జాడించడమే లేదు. పాలిమర్ కలిసిన మందు చల్లి బ్రష్షు చేస్తే, అది మురికిని చుట్టుకుని పెళుసైన పలుకుల్లా ఎండుతుంది. వాక్యూమ్ వాటిని పీల్చేస్తుంది. రాత్రి శుభ్రం చేసి పొద్దున్నే తెరవాల్సిన ఆఫీసులకు ఈ పద్ధతి బాగా కుదిరింది.