గొత్తి నుంచి ఫీజు బాకీ దాకా

చదువు కోసం చేసిన అప్పును రద్దు చేయాలా, వద్దా? డిగ్రీ పూర్తయినా ఫీజు బాకీ తీరక, సర్టిఫికెట్లు చేతికి రాక ఇంటి దగ్గర ఉండిపోయిన పిల్లలు మన గూడేల్లో ఉన్నంతకాలం ఇది మన ప్రశ్నే. అయితే జవాబు చెప్పేముందు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. అప్పు రద్దు అనే మాట మన్యానికి కొత్త కాదు. నూరేళ్లకు పైగా ఆదివాసీల అప్పుల మీద చట్టాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్ని పనిచేశాయి, కొన్ని కాగితం మీదే మిగిలాయి. ఏది ఎందుకు పనిచేసిందో తెలిస్తే, చదువు అప్పు విషయంలో మనం ఏం అడగాలో తెలుస్తుంది.

1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు లేచింది. చిగురుపన్ను, మన్సబుదారు దౌర్జన్యం మనకు బాగా తెలిసిన కారణాలు. వాటి పక్కనే మైదానపు వ్యాపారుల అప్పులు కూడా ఉన్నాయి. వాళ్లు కొండవాసులకు సరుకు అప్పుగా ఇచ్చి, కాగితాలు రాయించుకుని, కోర్టుల్లో దావాలు వేసేవారు. నోటీసు చదవలేని మనిషి, కోర్టు ఎక్కడుందో తెలియని మనిషి హాజరు కాలేడు. అతను లేకుండానే డిక్రీ వచ్చేది. ఆ డిక్రీ చూపించి పశువుల్ని, ఇంట్లో వస్తువుల్ని పట్టుకుపోయేవారు. తీసుకున్న అప్పు చిన్నది, పోయిన ఆస్తి పెద్దది. అడ్డుపడితే పోలీసులు వచ్చేవారు. దోపిడీకి కోర్టు ముద్ర దొరికింది.

ఈ సంగతి ప్రభుత్వం చట్టంలో ఒప్పుకోవడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం తెచ్చింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు ఇది వర్తించింది. భూమి విషయంలో ఈ చట్టాన్ని చాలామంది చెబుతారు, వడ్డీ విషయం మాత్రం మరిచిపోతారు. కొండజాతి మనిషి మీద ఏడాదికి 24 శాతం కంటే ఎక్కువ వడ్డీని కోర్టు ఒప్పుకోకూడదు. వడ్డీ మీద వడ్డీ చెల్లదు. మొత్తం వడ్డీ ఎంత పెరిగినా అసలును మించకూడదు. అంటే పది రూపాయలు తీసుకున్నవాడి దగ్గర ఎన్నేళ్లు గడిచినా ఇరవైకి మించి రాబట్టడానికి వీల్లేదు. అప్పుకు ఒక హద్దు ఉండాలని మన ప్రాంతంలో 1917లోనే చట్టం చెప్పింది.

కానీ షావుకారుకు కోర్టు అవసరం లేని దారి ఒకటి ఉంది. డబ్బు కట్టలేకపోతే మనిషి వచ్చి పనిచేయాలి. విశాఖ ఏజెన్సీలో, కోరాపుట్ కొండల్లో దీన్ని గొత్తి అన్నారు. నిజాం రాజ్యంలో భగేలా అన్నారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. పెళ్లికో, చావుకో, కరువులో గింజలకో అప్పు తీసుకున్నవాడు షావుకారు ఇంట్లో, పొలంలో చాకిరీ చేస్తాడు. ఆ చాకిరీ వడ్డీ కింద జమ అయిపోతుంది, అసలు అలాగే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు ఆ చోటికి వస్తాడు. ఇక్కడ తాకట్టు పెట్టింది భూమిని కాదు, నగను కాదు, మనిషినే.

దీన్ని ఆపడానికి మద్రాసు రాష్ట్రంలో 1940లో ఏజెన్సీ రుణదాస్య రద్దు రెగ్యులేషన్, హైదరాబాద్ రాజ్యంలో 1943లో భగేలా ఒప్పందాల రెగ్యులేషన్ వచ్చాయి. తర్వాత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. అయిదో షెడ్యూలు, ఆదివాసీలకు అప్పులిచ్చే వడ్డీవ్యాపారుల్ని అదుపుచేసే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది. ఆ అధికారంతోనే 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీవ్యాపారుల రెగ్యులేషన్ వచ్చింది. లైసెన్సు లేకుండా ఇక్కడ వడ్డీవ్యాపారం చేయకూడదని అది చెప్పింది.

ఇన్ని చట్టాలు ఉన్నా అప్పు ఎందుకు పోలేదు? ఉప్పు, బట్ట, విత్తనం ఇచ్చేది షావుకారే. చింతపండు, అడ్డాకు, కరక్కాయ కొనేదీ షావుకారే. ఒకే చెయ్యి అప్పిచ్చి, అదే చెయ్యి పంట కొంటుంటే చట్టం సంత దాకా రాలేదు. పాత అప్పు రద్దయిన మర్నాడు కొత్త అప్పుకు అదే గుమ్మం ఎక్కాలి. అందుకే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ మొదలైంది. నేడు జీసీసీ అని మనం పిలిచేది దాన్నే. అటవీ ఫలసాయం కొనడం, సరుకులు అమ్మడం, అప్పులివ్వడం దాని పనులు. దాని పనితీరు మీద మనకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఆలోచన సరైనదే. అప్పు పుట్టే చోటును మూయకుండా అప్పును కొట్టేస్తే అది మళ్లీ మొలుస్తుంది.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. వెట్టికి కారణమైన అప్పు మొత్తం ఆరోజుతో అంతమైపోయిందని, దాన్ని ఏ కోర్టూ వసూలు చేయించకూడదని, అప్పు పేరుతో తీసుకున్న ఆస్తిని తిరిగి ఇవ్వాలని చెప్పింది. వెట్టి చేయించినవారికి మూడేళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది. ఈ చట్టం రుణదాతను జాలి చూపమని అడగలేదు. మాఫీ అంటే క్షమించడం. తప్పు చేసినవాడిని క్షమిస్తారు. గొత్తిగా పనిచేసినవాడు ఏ తప్పు చేశాడు? అందుకే అక్కడ జరిగింది మాఫీ కాదు, రద్దు. చెల్లని అప్పును చెల్లదని ప్రకటించడం.

2008లో కేంద్రం రైతుల రుణమాఫీ ప్రకటించింది. ఎకరాలు తక్కువున్న రైతుల బ్యాంకు అప్పులు, సహకార సంఘాల అప్పులు రద్దయ్యాయి. ప్రైవేటు వడ్డీవ్యాపారి అప్పు అందులో లేదు. పట్టా లేక బ్యాంకు గడప ఎక్కలేని పోడు రైతుకు మాఫీ చేయడానికి బ్యాంకులో అప్పే లేదు. ఏ అప్పు లెక్కలోకి వస్తుందో తేల్చకపోతే రద్దు కూడా అవసరమున్నవాడిని దాటిపోతుంది.

ఇప్పుడు చదువు దగ్గరికి వద్దాం. మన పెద్దలు చదువును కోరుకున్నది ఈ కాగితాల పెత్తనం నుంచి బయటపడటానికే. కొమరం భీం అమరుడైన తర్వాత ఆదిలాబాద్ అడవులకు వచ్చిన హైమన్‌డార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించాడు. రాసిన కాగితంలో ఏముందో మనవాళ్లే చదవగలగాలన్నది అందులోని అసలు బలం. 1948-49 నుంచి ఆదివాసీ విద్యార్థులకు కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు వచ్చాయి. అంతవరకు చదువు అప్పు అనే మాట మన ఇళ్లలో పెద్దగా లేదు.

ప్రైవేటు ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, బీఈడీ కాలేజీలు పెరిగాక లెక్క మారింది. ఫీజు మేం కడతాం, మీరు చేరండి అని ప్రభుత్వం చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల వేలమంది పిల్లలు కాలేజీ గేటు దాటారు, అది నిజం. కానీ ఆ డబ్బు రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి బకాయి పడుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి కొంతకాలం ఆ డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు. విడత ఆలస్యమైతే కాలేజీ అడిగేది తల్లినే. ప్రభుత్వం బాకీ పడితే, బాకీదారు పేరు మాత్రం విద్యార్థిదీ, తల్లిదీ అయింది.

అప్పుడు కాలేజీ ఏం పట్టుకుంటుంది? పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకోకూడదని యూజీసీ 2016లోనే, మళ్లీ 2018లోనూ చెప్పింది. అయినా చాలాచోట్ల ఫీజు కడితేనే కాగితాలు ఇస్తామంటున్నారు. సర్టిఫికెట్ లేనిదే ఉద్యోగానికి దరఖాస్తు లేదు, పై చదువు లేదు. ఉద్యోగం లేనిదే ఫీజు కట్టే డబ్బు లేదు. గొత్తితో దీన్ని సమానం అనలేం. ఇక్కడ కొరడా లేదు, కొడుకు వారసత్వంగా చాకిరీకి వెళ్లడు. కానీ ముడి వేసిన తీరు అదే. అప్పు తీర్చే శక్తి దేనిలో ఉందో దాన్నే తాకట్టుగా పట్టుకోవడం.

బ్యాంకు చదువు అప్పు వేరే రకం. 2001లో బ్యాంకుల సంఘం రూపొందించిన పథకం ప్రకారం 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు, కానీ తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు, వృత్తి, సాంకేతిక కోర్సుల కాలంలో పడే వడ్డీని కేంద్రం 2009 నుంచి భరిస్తోంది. కోర్సు అయిపోయి గడువు దాటాక మాత్రం ఉద్యోగం వచ్చినా రాకపోయినా వాయిదా మొదలవుతుంది. కట్టకపోతే పిల్లవాడి పేరే కాదు, సంతకం పెట్టిన తండ్రి పేరూ బ్యాంకు చెడ్డ జాబితాలోకి వెళ్తుంది. రేపు పంట అప్పు అడిగితే అది అడ్డమొస్తుంది.

రద్దుకు ఎదురు చెప్పేవారి మాట కూడా వినాలి. అమెరికాలో 2022లో అధ్యక్షుడు బైడెన్ ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, పేద కుటుంబాల నుంచి వచ్చినవారికి 20,000 డాలర్ల వరకు చదువు అప్పు రద్దు చేస్తానన్నాడు. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. అంత పెద్ద రద్దుకు చట్టసభ స్పష్టమైన అనుమతి లేదన్నది కోర్టు మాట. బయట జనం అడిగింది వేరు: కష్టపడి కట్టినవాళ్ల సంగతేమిటి, కాలేజీకే వెళ్లనివాళ్ల పన్ను డబ్బు ఎందుకు ఖర్చుచేయాలి? ఇవి తోసిపుచ్చాల్సిన ప్రశ్నలు కావు. మన గూడెంలోనూ పదో తరగతితో ఆగి కూలికి వెళ్లిన పిల్ల ఈ మాట అడగవచ్చు.

మన చరిత్ర నుంచి ఆమెకు జవాబు ఉంది. అన్ని అప్పులూ ఒకటి కాదు. ప్రభుత్వం కడతానని చెప్పి కట్టని ఫీజు విద్యార్థి అప్పే కాదు. దాన్ని మాఫీ చేయమని బతిమాలాల్సిన పని లేదు, విద్యార్థి పేరు మీద నుంచి కొట్టేసి, ప్రభుత్వం కాలేజీకి కట్టాలి. సర్టిఫికెట్ తాకట్టు ఏ కారణానికీ చెల్లదు. ఇక తెలిసి, సంతకం పెట్టి తీసుకున్న బ్యాంకు అప్పుకు 1917 నాటి సూత్రం చాలు: వడ్డీకి హద్దు ఉండాలి, అది అసలును మించకూడదు, సంపాదన మొదలయ్యాకే వాయిదా అడగాలి. సంపాదన రానేరానివారికి, మధ్యలో చనిపోయినవారి కుటుంబాలకు రద్దు ఉండాలి. వీటన్నిటితోపాటు అప్పు పుట్టే చోటును మూయాలి. ఏజెన్సీలోనే ప్రభుత్వ డిగ్రీ, నర్సింగ్, పాలిటెక్నిక్ సీట్లు, హాస్టళ్లు పెరగాలి. లేకపోతే ఈ ఏడాది రద్దయిన బాకీ వచ్చే ఏడాది ఆమె చెల్లెలి పేరు మీద పడుతుంది.

ఉపాధ్యాయ మిత్రులు చేయగల పని ఒకటుంది. ఇంటర్ పూర్తిచేసిన పిల్లల్ని కాలేజీకి పంపేముందు ఒక గంట కూర్చోబెట్టండి. ఏ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో, ఏది వర్తించదో చెప్పండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగమనండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోమనండి, ఇవ్వకపోతే ఐటీడీఏకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఎలా చేయాలో నేర్పండి. 1879లో మన పూర్వీకుడి పశువులు పోయింది అతను చదవలేని కాగితం వల్ల. ఇవాళ మన పిల్లలకు చదువు వచ్చు. ఆ చదువుతో వాళ్లు మొదట చదవాల్సింది తాము సంతకం పెట్టబోయే కాగితాన్నే.