పాత మోటారు ఫొటోల్లో పేరు లేనివాళ్లు

ఎం.టి.లో పనిచేసినవాడి చేతికి పాత కారు ఫొటో ఇచ్చి చూడండి. అందులో కూర్చున్న దొరగారి ముఖం కన్నా ముందు టైర్లు చూస్తాడు. ఇంజన్ కింద ఆయిలు మరక ఉందా అని చూస్తాడు. ఫస్ట్ పెరేడ్ చేసిన కళ్లు అలాగే ఉంటాయి మరి. నాదీ అదే అలవాటు. దానివల్ల ఒక లాభం కూడా ఉంది. ఫొటో తీసినవాడు మనకు చూపించాలనుకోనిది చాలా కనిపిస్తుంది.

1900 నుంచి 1910 దాకా తీసిన ఏ కారు ఫొటో అయినా తీసుకోండి. చాలావాటికి ముందు అద్దం ఉండదు, అందుకే డ్రైవరు కళ్లకు గాగుల్స్. దీపాలు ఇత్తడివి. కార్బైడ్ మీద నీటిబొట్లు పడితే పుట్టే గ్యాసుతో వెలిగేవి. రేడియేటరు కింద హ్యాండిల్ వేలాడుతుంటుంది. ఆ హ్యాండిల్‌తో ఎంతమంది మణికట్లు విరిగాయో! ఇంజన్ వెనక్కి తన్నితే చెయ్యి పోయినట్టే. అందుకే బొటనవేలు చుట్టకుండా మిగతా వేళ్ల పక్కనే పెట్టి పట్టుకోమని పాత ఉస్తాదులు నేర్పేవారు. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కంపెనీ ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టాక ఈ బాధ తగ్గడం మొదలైంది. అంతవరకు ప్రతి ప్రయాణమూ ఎవరో ఒక మనిషి భుజబలంతోనే మొదలయ్యేది. ఫొటో కింద మాత్రం యజమాని పేరే ఉంటుంది.

ఈ సంగతి బాగా తెలిపే ఫొటోలు 1907 నాటి పెకింగ్–పారిస్ పందానివి. జూన్ 10న పెకింగ్ నుంచి ఐదు బండ్లు బయల్దేరాయి. దూరం దాదాపు 15,000 కిలోమీటర్లు. చాలాచోట్ల రోడ్డే లేదు. ఇటలీకి చెందిన ప్రిన్స్ బోర్గేజే తన ఇటాలా కారులో ఆగస్టు 10న అందరికన్నా ముందు పారిస్ చేరాడు. వెంట ఉన్న విలేఖరి లుయీజీ బర్జీనీ, మెకానిక్ గుయిజార్దీ పేర్లు కూడా చరిత్రలో నిలిచాయి. అంతవరకు న్యాయమే. కానీ పెకింగ్ దాటాక వచ్చిన కొండల్లో ఆ కార్లు తమంతట తాము నడవలేదు. చైనా కూలీలు తాళ్లు కట్టి, కంచర గాడిదలతో కలిసి లాగారు. సైబీరియాలో పాత కర్ర వంతెన విరిగి ఇటాలా కిందికి దిగబడితే అక్కడి పనివాళ్లు పైకి తీశారు. మోటారు యుగం వచ్చేసిందని లోకానికి చాటిన ఆ ప్రయాణంలో కొంత దూరం నడిచింది మనిషి కాలు, పశువు కాలు. వాళ్లు ఫొటోల్లో ఉన్నారు, పేర్లు మాత్రం లేవు.

మన హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. వెనకసీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరు ఇచ్చిన బండి అది. ఆయన 1911లోనే కన్నుమూశారు. సరిగ్గా ఈ సిల్వర్ ఘోస్ట్ ఛాసిస్ మీదే 1914లో ఇంగ్లీషువాళ్లు ఉక్కు రేకులు బిగించి, పైన టరెట్ పెట్టి, మెషిన్‌గన్ అమర్చి ఆర్మర్డ్ కారు చేశారు. అరేబియా ఎడారిలో లారెన్స్ వాడినవి, తరువాత మన వాయవ్య సరిహద్దులో తిరిగినవి ఈ రకం బండ్లే. అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) క్యావల్రీ ట్యాంక్ మ్యూజియంలో ఒకటి ఇప్పటికీ చూడొచ్చు. అదే ఛాసిస్ ఒకచోట రాజుగారి దర్జాకు, ఇంకొకచోట సిపాయి ప్రాణానికి పనికొచ్చింది.

లారీల బలం ఏమిటో లోకానికి తెలిసింది 1916లో, ఫ్రాన్సులోని వెర్దూన్ యుద్ధంలో. పెద్ద రైలుమార్గాలు శత్రువు చేతిలోనో ఫిరంగుల దెబ్బ కిందనో ఉన్నాయి. మిగిలింది బార్-ల-ద్యూక్ నుంచి వచ్చే ఒక రోడ్డు, చిన్న గేజి రైలు. ఆ రోడ్డు మీద రద్దీ బాగా ఉన్న రోజుల్లో సగటున 14 సెకన్లకు ఒక లారీ పోయేది. వారానికి 90,000 మంది సైనికులు, 50,000 టన్నుల సామాను. ఆగిపోయిన బండిని పక్క గోతిలోకి తోసేయడమే ఆర్డరు. కాన్వాయ్ నడిపినవాళ్లకు ఆ ఆర్డరు విలువ చెప్పనక్కర్లేదు. ఆ ఫొటోల్లో లారీల వరుసనే అందరూ చూస్తారు. రోడ్డు అంచున చూడండి, పారలు పట్టుకున్న వయసు మళ్లిన సైనికులు కనిపిస్తారు. గతుకుల్లో నిరంతరం రాళ్లు వేస్తూ ఆ రోడ్డును బతికించింది వాళ్లే.

మన సైన్యంలో గుర్రం దిగి మోటారు ఎక్కడం 1938లో మొదలైంది. ముందుగా మారిన రెజిమెంట్లలో సింధ్ హార్స్ ఒకటి. ఆ ఏప్రిల్‌లో రావల్పిండిలో చివరిసారి గుర్రాల మీద పెరేడ్ చేసింది. నిన్నటిదాకా గుర్రానికి మాలిష్ చేసిన సవారు మర్నాటి నుంచి పానా పట్టుకోవాలి. బండికి గడ్డి అక్కర్లేదు గానీ గుర్రంలా అది మనిషిని గుర్తుపట్టదు కదా. ఆ సవార్ల మనసు ఎంత కొట్టుకుందో! ఆర్మర్డ్ కోర్‌లో నేటికీ సవార్, దఫేదార్, రిసాల్దార్ అనే పిలుస్తున్నారంటే ఆ బంధం పూర్తిగా తెగలేదన్నమాట.

పదేళ్ల తరువాత, 1948 నవంబర్ 1న, 7 క్యావల్రీ స్టువర్ట్ ట్యాంకులు జోజిలా కనుమ ఎక్కాయి. 11,000 అడుగులు దాటిన ఎత్తు, మంచు. అంత ఎత్తుకు ట్యాంకు వస్తుందని శత్రువు కలలో కూడా అనుకోలేదు. ఆ విజయం అందరికీ తెలుసు. కానీ కంచర గాడిదలు నడిచే దారిని ట్యాంకు పట్టేటంత చేసింది మేజర్ తంగరాజు ఆధ్వర్యంలోని మద్రాస్ సాపర్లు. మన తెలుగు జవాన్లు తరతరాలుగా చేరుతున్న దళం అది. మేజర్ గారి పేరు నిలిచింది, సంతోషం. చలిలో పలుగు పట్టిన సాపర్లలో ఎందరి పేర్లు మనం చెప్పగలం?

మన రెజిమెంట్ గ్రూపు ఫొటోలకు ఒక మంచి పద్ధతి ఉంది. కింద "కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి" అని అందరి పేర్లూ వేస్తారు. బండి పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలకు ఆ అదృష్టం లేదు. 1959లో జబల్‌పూర్‌లో మొదలైన శక్తిమాన్ గానీ, 1969లో వచ్చిన జోంగా గానీ ఇప్పుడు తయారు కావడం లేదు. వాటిని తోలినవాళ్లు, బాగుచేసినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల ట్రంకు పెట్టెల్లో ఫొటోలూ ఉన్నాయి. మన మనవళ్ల కాలానికి అవే పాత మోటారు ఫొటోలు.

కాబట్టి సభ్యులందరికీ ఒక మనవి. ఈ ఆదివారం ఆ ఫొటోలు బయటికి తీయండి. వెనకవైపు మెత్తటి పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, నాలుగు ముక్కలు రాయండి: సంవత్సరం, స్థలం, బండి రకం, అందులో ఉన్న ప్రతి ఒక్కరి ర్యాంకు, పేరు, ఊరు. బాల్ పెన్ను వద్దు, అచ్చు ముందుకు పడుతుంది. పేరు గుర్తు రాకపోతే పాత సాథీకి ఫోను చేసి అడగండి. అతనూ సంతోషిస్తాడు. కో-డ్రైవరును మరవకండి, లంగరు నుంచి టీ తెచ్చి ఫొటో అంచున నిలబడ్డ కుర్రాణ్ణీ మరవకండి. బండి పేరు ఫ్యాక్టరీ రికార్డులో ఉంటుంది. మనిషి పేరు మనం రాస్తేనే ఉంటుంది.

జై హింద్.