హుండీ మొదలు చెక్కు వఱకు : సొమ్ము చేతికి వచ్చు గడువు

మన సంఘీయులలో వర్తకము చేయువారికిని, ఉద్యోగముల వలన గాని భూముల వలన గాని జీవించువారికిని, ఒక విషయమున అనుభవము సమానముగనే యున్నది. చెక్కును బ్యాంకులో వేసిన దినము వేఱు. ఆ సొమ్ము ఖాతాలో జమగా కనబడిన దినము వేఱు. దానిని వాడుకొనుటకు బ్యాంకువారు సమ్మతించు దినము మఱియొకటి. ఈ దినముల నడుమ నుండు ఎడము ఎట్లు పుట్టినది, అది యెవరికి లాభించినది, ఎవరి వలన తగ్గినది అను చరిత్రమును సభ్యులును పోషకులును తెలిసికొనుట యుక్తమని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

చెక్కు మన దేశమునకు వచ్చుటకు మున్ను హుండీ యుండెను. దర్శని హుండీ చూపిన వెంటనే చెల్లింపదగినది. ముద్దతు హుండీ అందు వ్రాయబడిన గడువు తీరిన పిమ్మట చెల్లింపదగినది. షాజోగు హుండీని పరువుగల సాహుకారునకే చెల్లింపవలెను గాని దారిని బోవువానికి చెల్లింపరాదు. చెల్లి రద్దైన హుండీకి ఖోఖా యని పేరు. హుండీ మార్గమున పోయినచో పైఠు అను ప్రతిని, అదియు పోయినచో పరపైఠు అను వేఱొక ప్రతిని వ్రాసి యిచ్చెడివారు. దొంగల భయమును, వానకాలపు నదులును ఈ పేళ్లలోనే యిమిడియున్నవి.

17వ శతాబ్దమున గోలకొండకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఆనాటి హుండీల వట్టములను తన యాత్రాగ్రంథమున వ్రాసియుంచెను. సూరతులో రెండు నెలల గడువున చెల్లవలసిన హుండీకి గోలకొండలో వట్టము నూటికి 4 మొదలు 5 వఱకు నుండెనట. దాపుననున్న అహమ్మదాబాదులో 1 మొదలు 1½ వఱకును, దూరమున నున్న ఢాకాలో 10 వఱకును ఉండెను. దీనిని పాఠకులు శ్రద్ధతో గమనింపవలెను. నాడును సొమ్ము త్రోవలో నెలల తరబడి యుండెను. కాని ఆ నెలల వెల యెంతయో ఇచ్చువాడు నెఱుగును, పుచ్చుకొనువాడు నెఱుగును. ఆలస్యము బేరములో నొక భాగము, దాపఱికము లేదు.

చెక్కు విషయమున నిట్లు కాదు. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము చెక్కును కోరిన తక్షణమే చెల్లింపదగిన పత్రముగా నిర్వచించినది. గడువుగల హుండీలకును బిల్లులకును చట్టము మూడు దినముల మినహాయింపు నిచ్చినది గాని చెక్కున కట్టిది లేదు. కావున చట్టము ప్రకారము చెక్కునకు గడువే లేదు. అయినను చెక్కు పుచ్చుకొన్నవాడు దానిని తన బ్యాంకులో వేయును. ఆ బ్యాంకు దానిని వ్రాసినవాని బ్యాంకునకు చేర్పవలెను. వారు సంతకమును, నిలువను చూచి ఒప్పుకొనవలెను. పిమ్మట సొమ్ము వెనుకకు రావలెను. కాగితము మీద లేని గడువు త్రోవలో పుట్టినది. దానికి వట్టము వ్రాయబడలేదు గనుక దాని వెల నెవ్వరు నడుగలేదు. చెక్కు వేసినవాడు మాఱుపలుకక చెల్లించుచు వచ్చెను.

చట్టమును వ్రాసినవారికి ఈ చిక్కు తెలియకపోలేదు. 84వ సెక్షనున రెండు ఉదాహరణములు కలవు. చెక్కు చూపవలసిన కాలమున వ్రాసినవాని సొమ్ము బ్యాంకులో నుండెను; చూపక ముందే బ్యాంకు కూలిపోయెను; అట్లైన వ్రాసినవాడు విముక్తుడు, చెక్కు గలవాడు కూలిన బ్యాంకు వెంట పడవలసినదే. రెండవది : అంబాలాలో నొకడు కలకత్తా బ్యాంకు మీద చెక్కు వ్రాసెను, సహజక్రమమున అది కలకత్తా చేరక మునుపే బ్యాంకు కూలెను, ఇచట ఆలస్యము చేసినవాడు లేడు గనుక వ్రాసినవాడు విముక్తుడు కాడు. అంబాలా నుండి కలకత్తాకు గల దూరమును శాసనకర్తలు న్యాయములో చేర్చిరన్నమాట. ఇది పుస్తకపు మాట కాదని మన చెన్నపట్టణమున 1906 అక్టోబరులో అర్బత్నాటు కంపెనీ మూతబడినప్పుడు దక్షిణదేశ మంతయు చూచినది. ఆ కలతలోనుండియే 1907లో ఇండియను బ్యాంకు పుట్టినది.

బ్యాంకులు తమలో తాము లెక్కలు తీర్చుకొను క్లియరింగు పద్ధతికి మూలము లండను నగరము. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున అచటి గుమాస్తాలు ప్రతిదినము బ్యాంకు బ్యాంకునకు తిరిగి చెక్కులకు రొక్కము తెచ్చుచుండిరి. తిరిగి తిరిగి విసిగిరి కాబోలు, లొంబార్డు వీథి దాపున నొక పానశాలలో కలిసికొని చెక్కులను మార్చుకొన నారంభించిరి. ఒకనికి రావలసినది 40 వేలు, ఈయవలసినది 37 వేలు అయినచో 3 వేలు మాత్రము చేతులు మాఱిన చాలును. యజమానులు మొదట ఏమనుకొనిరో గాని తుదకు ఆ పద్ధతియే నిలిచినది. మన దేశమున ఈ కార్యమును 1921లో ఏర్పడిన ఇంపీరియలు బ్యాంకు నడపెను. 1935లో రిజర్వు బ్యాంకు నెలకొన్న పిమ్మట మహానగరములలో నది వారి చేతికి వచ్చినది.

ఒక యూరిలోని చెక్కులకు ఈ యేర్పాటు చాలెను. చిక్కంతయు పరస్థలపు చెక్కులది. 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకు పుట్టి కోస్తా జిల్లాల వర్తకులకు చెక్కు వాడుకను దగ్గఱ చేసినది. కాని బెజవాడ వర్తకునకు దూరపు నగరపు చెక్కు వచ్చినచో అది తపాలాలో పోవలెను, అచటి శాఖ దానిని వసూలు చేయవలెను, జమ వార్త మరల తపాలాలో రావలెను. నడుమ ఆదివారములు, పండుగలు. నిజాము రాష్ట్రపు వర్తకున కింకొక చిక్కు. అచట హాలీ సిక్కా, ఇచట ఇంగ్లీషు రూపాయి. 100 ఇంగ్లీషు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ సిక్కా రేటు. 1942లో పని మొదలిడిన హైదరాబాదు స్టేటు బ్యాంకు ఆ నాణెపు వ్యవహారమును కూడ చూచెను. హాలీ సిక్కా 1959తో చెల్లుబడి మానినది. తపాలా చిక్కు మాత్రము మానలేదు.

ఈ దినములలో సొమ్మెవరిది? వ్రాసినవాని ఖాతాలో ఖర్చు పడినది, వేసినవాని ఖాతాలో జమపడలేదు. నడుమ నున్నన్ని నాళ్లును అది బ్యాంకుల చేతిలో వడ్డీలేని సొమ్ము. బ్యాంకు గుమాస్తాలు సోమరులని మేమనము. గుట్టలుగా వచ్చిపడు కాగితములతో వారు పడిన పాట్లు మే మెఱుగుదుము. కాని తన సొమ్ము త్రోవలో నుండగా సరకు కొనుటకు ఇతరుని వద్ద వడ్డీకి తెచ్చిన చిన్న అంగడివాని లెక్కలో ఆ దినములు నష్టముగనే వ్రాయబడినవి. పిల్లవాని కళాశాల జీతమునకు చెక్కు నమ్ముకొని గడువు తప్పిన తండ్రులును మనలో లేకపోలేదు.

మార్పు మెల్లగా వచ్చినది. 1980ల దశాబ్దమున చెక్కు అడుగున అయస్కాంతపు సిరాతో అంకెలు ముద్రించి యంత్రముచే వేఱుపఱచు పద్ధతి మహానగరములలో మొదలైనది. ఆ తొమ్మిది అంకెలలో మొదటి మూడు ఊరిని, తరువాతి మూడు బ్యాంకును, కడపటి మూడు శాఖను తెలుపును. 500 హైదరాబాదు, 520 విజయవాడ. 1991లో గోయిపోరియా సంఘము ఖాతాదారుల కష్టములను విచారించి, చిన్న మొత్తముల పరస్థలపు చెక్కులకు వెంటనే జమ నిచ్చు మేరను పెంచవలెనని చెప్పినది.

అన్నిటికంటె ముఖ్యమైనది 2008. ఆ సంవత్సరమున జాతీయ వినియోగదారుల కమిషను పరస్థలపు చెక్కులకు గరిష్ఠ గడువులను నిర్ణయించగా, రిజర్వు బ్యాంకు వానిని బ్యాంకులన్నిటికి తెలిపినది : రాష్ట్రపు ముఖ్యపట్టణముల చెక్కులకు 7 దినములు, పెద్ద నగరములకు 10, తక్కిన స్థలములకు 14. మించినచో వడ్డీ ఈయవలెను. వడ్డీ రేటును బ్యాంకు ముందుగా ప్రకటింపకున్నచో ఆ కాలపు ఫిక్సెడు డిపాజిట్టు రేటే వర్తించును. టావెర్నియే నాడు గోలకొండ సాహుకారు నోట పలికిన వెల ఇన్నాళ్లకు మరల పలుకబడినది. అయితే ఈమాఱు చెల్లింపవలసినవాడు బ్యాంకు.

అదే 2008లో న్యూఢిల్లీయందు చెక్కును పంపక దాని ప్రతిబింబమును మాత్రమే పంపు పద్ధతి ఆరంభమైనది. దీనికి త్రోవ చేసినది 2002లో జరిగిన చట్టసవరణము. 2011లో చెన్నైకిని, 2013లో ముంబాయికిని అది వ్యాపించినది. మన తెలుగు దేశము చెన్నై మండలమున చేరుటతో బెంగుళూరు చెక్కు బెజవాడలో స్థానికపు చెక్కైనది. చెక్కు చెల్లుబడి కాలము 2012 ఏప్రిలు 1 నుండి ఆఱు నెలలకు బదులు మూడు నెలలైనది. దీనిని మఱచి నష్టపోయినవారు నేటికిని కలరు.

ఇంతయైనను జమకును వాడుకకును భేదము మిగిలియుండెను. చెల్లని చెక్కులు తిరిగివచ్చు కాలము ముగియువఱకు ఖాతాలోనిది నీడ జమ మాత్రమే. కంటికి కనబడును, చేతికి రాదు. 2025 అక్టోబరు 4 నుండి రిజర్వు బ్యాంకు చెక్కులను మూటగట్టి పంపు పద్ధతిని మాన్పించినది. పగటివేళ ప్రతిబింబములు వచ్చినవి వచ్చినట్లు పోవును. ఎవరి మీద వ్రాయబడినదో ఆ బ్యాంకు చెల్లుననియో చెల్లదనియో రాత్రి 7 గంటలలోగా చెప్పవలెను, చెప్పకున్నచో ఒప్పుకొన్నట్లే. లెక్క తీరిన గంటలోపల సొమ్మును ఖాతాదారునకు విడుదల చేయవలెను.

అయితే ఈ గంటలన్నియు చెక్కు క్లియరింగునకు పంపబడినది మొదలుగా లెక్కింపబడును గాని, బ్యాంకు గుమ్మమునందలి పెట్టెలో మనము వేసినది మొదలుగా కాదు. పెట్టె నెప్పుడు తెఱతురో ఆ శాఖవారి యిష్టము. చెక్కును బల్ల వద్ద ఇచ్చి రసీదు కోరినచో నిరాకరింపరాదని రిజర్వు బ్యాంకు నియమము కలదు. విద్యార్థి వేతనముల నిధులకు, వసతిగృహముల చందాలకు చెక్కులు పుచ్చుకొను మన కోశాధికారులు పెట్టెను విడిచి బల్ల వద్దకే పోయి, దినమును వేళయు గల రసీదును పుస్తకమున అంటించి యుంచుకొనుట మేలు. ఆలస్యమైననాడు వడ్డీ నడుగుటకు వారి చేతిలో నుండవలసిన కాగిత మదియే.