పాత బండికి అయిదో గేరు

హిమాయత్‌నగర్ మెయిన్ రోడ్డు మీద లిబర్టీ నుంచి నారాయణగూడ దాకా పోయే బండికి టాప్ గేరుతో పెద్దగా పని పడదు. అదే బండి టీటీడీ కల్యాణమండపం దగ్గర పెళ్లివారిని ఎక్కించుకుని, హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డెక్కిందంటే గంటల తరబడి టాప్‌లోనే ఉంటుంది. పాతకాలపు లారీలు, జీపులు, అంబాసిడర్లు ఈ రెండు రోడ్లనూ మూడు నాలుగు గేర్లతోనే నెట్టుకొచ్చాయి. వాటి గేర్‌బాక్స్ పీకేసి ఓవర్‌డ్రైవ్ ఉన్న అయిదు గేర్లది బిగించడం, లేదా ఉన్నదానికే ఓవర్‌డ్రైవ్ తగిలించి డాష్‌బోర్డు మీద స్విచ్చి పెట్టడం కుర్రకారు సరదా అనీ, స్పీడు పిచ్చి అనీ చాలామంది కొట్టిపారేస్తారు. ఈ పని ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూస్తే ఆ మాట నిలవదు. పెట్రోలు బండికి డీజిల్ ఇంజను ఎక్కించినప్పుడు తప్పనిసరిగా పుట్టే ఒక లెక్కకు ఇది సమాధానం. ఓవర్‌డ్రైవ్ ఎప్పుడు వేయాలో ఎప్పుడు తీయాలో నిర్ణయం డ్రైవరు చేతిలో ఉంచడం ఆ సమాధానంలో సగభాగం.

ముందు ఆ లెక్క సంగతి. మామూలు పాత గేర్‌బాక్సులో టాప్ గేరంటే ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనక ప్రొపెల్లర్ షాఫ్టూ ఒక చుట్టే తిరగడం. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజను ముప్పావు చుట్టో, అయిదింట నాలుగు వంతుల చుట్టో తిరిగేసరికే షాఫ్టు పూర్తి చుట్టు తిరుగుతుంది. బండి వేగం అంతే ఉంటుంది, ఇంజను మాత్రం నెమ్మదిస్తుంది. డీజిల్ ఖర్చూ మోతా తగ్గుతాయి, పిస్టన్ రింగులు ఎక్కువ కాలం ఆగుతాయి. బదులుగా లాగే శక్తి తగ్గుతుంది. చదును రోడ్డు మీద అది తెలియదు. లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు వెంటనే తెలిసిపోతుంది.

శక్తి తగ్గడమనే ఈ చిక్కు ఓవర్‌డ్రైవ్‌ పుట్టినప్పటి నుంచీ ఉంది. రోల్స్‌రాయిస్ కంపెనీ 1907లో తెచ్చిన సిల్వర్ ఘోస్ట్‌కు మొదట నాలుగు గేర్లు ఇచ్చింది. మూడోది ఒకటికి ఒకటి తిరిగే నేరు గేరు, నాలుగోది ఓవర్‌డ్రైవ్. ఒకసారి నాలుగో గేరు వేశాక డ్రైవర్లు కిందికి దిగడానికి ఇష్టపడేవారు కాదు. మిట్టలోనూ అందులోనే ఉంచి, ఇంజను లాగడం లేదని కంపెనీ మీద పడేవారు. 1909లో రోల్స్‌రాయిస్ దాన్ని తీసేసి మూడు గేర్ల పెట్టెకు మారింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో ఆర్డరిచ్చిన పసుపు రంగు సింహాసన కారు ఆ మూడు గేర్ల కాలానిది. కారు వచ్చేలోగా ఆయన కన్నుమూశారు, అది ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. ఆయన పెద్ద కొడుకు హిమాయత్ అలీఖాన్ పేరే నేటి హిమాయత్‌నగర్‌కు ఉంది.  ఇంగ్లండులో ఉత్తమమనిపించుకున్న కారులోనే ఓవర్‌డ్రైవ్ ఓడిపోయిందంటే తప్పు ఇనుప పళ్లది కాదు. ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో వాడేవాడికి తెలియకపోతే ఎంత మంచి గేరైనా భారమే.

హైదరాబాద్‌లో మోటారు రవాణా సంస్థగా నిలదొక్కుకున్నది 1932 జూన్‌లో. నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్ బండ్లు అవి. 1951లో ఆ శాఖ హైదరాబాద్ ప్రభుత్వానికి, 1958 జనవరి 11న కొత్తగా ఏర్పడ్డ ఏపీఎస్ఆర్టీసీకి చేరింది. మన విషయానికి ఇక్కడ పనికొచ్చేది ఒక్కటే. ఒకే రకం బండ్లు గుంపుగా కొనే సంస్థ తన రూట్లకు తగిన గేర్లూ, తగిన క్రౌన్ పినియన్ నిష్పత్తీ ఫ్యాక్టరీ నుంచే అడిగి తెప్పించుకోగలదు. ఒక్క లారీ ఉన్న మనిషికి ఆ అవకాశం లేదు. దొరికిన ఇంజనుకు దొరికిన పెట్టె జతచేసుకోవాల్సిందే. అందుకే గేర్‌బాక్స్ మార్పిడి చరిత్ర ఆర్టీసీ డిపోల్లో కాక పుత్లీబౌలి, రాణీగంజ్ లాంటి స్పేర్‌పార్ట్సు బజార్ల చుట్టూ, తరవాతి కాలంలో ఆటోనగర్ల చుట్టూ అల్లుకుంది.

ఆ చరిత్రలో అసలు మలుపు 1950ల్లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం మిగిల్చిన అమెరికన్ ట్రక్కులు, అంతకు ముందు నుంచీ బొంబాయిలో బిగిస్తూ వచ్చిన షెవ్రోలేలు, ఫోర్డులు అప్పటికి మన రోడ్ల మీద ఉన్నాయి. అన్నీ పెట్రోలువే. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల మేరకు, ఇక్కడే తయారీకి ప్రణాళిక లేని విదేశీ కంపెనీలు బిగింపు పనులు మానుకోవాలని కేంద్రం తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డు దేశం విడిచాయి. బండ్లు మిగిలాయి, కొత్త ఇంజన్లు రావడం ఆగింది. అదే దశకంలో మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ పీ6 డీజిల్ ఇంజన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. అరిగిపోయిన పెట్రోలు ఇంజను తీసి ఆ డీజిల్ ఇంజను కూర్చోబెట్టుకోవడం లారీ యజమానులకు బతుకుదెరువు అయింది.

ఇక్కడే లెక్క తప్పింది. ఆనాటి షెవ్రోలే ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను దాదాపు 90 హార్స్‌పవర్‌ను నిమిషానికి 3300 చుట్ల దగ్గర ఇచ్చేది. పెర్కిన్స్ పీ6 ఇచ్చే 83 హార్స్‌పవర్ 2400 చుట్ల దగ్గర. శక్తి దాదాపు సమానమే. కానీ గేర్‌బాక్సూ వెనక యాక్సిలూ 3300 చుట్ల ఇంజను కోసం కట్టినవి. వాటిని కదపకుండా డీజిల్ ఇంజను బిగిస్తే బండి వేగం 2400ను 3300తో భాగించినంత, అంటే నాలుగింట మూడు వంతులకు కొంచెం తక్కువకు పడిపోతుంది. తొంభై దాకా పోగల బండి అరవై అయిదు దగ్గర అరుస్తూ నిలబడుతుంది. పోయిన వేగాన్ని తిరిగి తేవాలంటే కావాల్సిన నిష్పత్తి దాదాపు 0.73. ఓవర్‌డ్రైవ్ గేర్లు సాధారణంగా 0.7కూ 0.85కూ మధ్యలోనే ఉంటాయి. ఓవర్‌డ్రైవ్ విలాసం కాదనడానికి నేను చూపగల అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఈ అంకెలే. డీజిల్ ఇంజను తీసుకుపోయిన దాన్నే అది తిరిగిచ్చింది, అంతకుమించి ఏమీ కలపలేదు.

1954లో టాటాలు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీలు మొదలుపెట్టాక పెద్ద లారీలకు ఈ చిక్కు క్రమంగా తీరింది. ఇంజనూ పెట్టే యాక్సిలూ ఒకదానికొకటి సరిపోయేలా ఒకేచోట తయారై వచ్చాయి. జీపులకు మాత్రం ఆ తరవాతే మొదలైంది. మహీంద్రా తయారుచేసిన విల్లీస్ సీజే-3బీ జీపుకు మూడు గేర్లు, టాప్ నేరు గేరు, యాక్సిల్ నిష్పత్తి 5.38. పదహారు అంగుళాల చక్రానికి లెక్క కడితే గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఇంజను 3200 చుట్లు తిరగాలి. పెట్రోలు ఇంజను కష్టం మీద ఓర్చుకుంటుంది. 1973 తరవాత చమురు ధర నాలుగింతలైంది. ప్రభుత్వం డీజిల్‌ను పెట్రోలు కన్నా ఎంతో చవగ్గా ఉంచింది, ఆ నియంత్రణ 2014 అక్టోబరు దాకా పోలేదు. జీపులకు ట్రాక్టర్ ఇంజను వంశపు డీజిళ్లు వచ్చాయి. 1979లో మహీంద్రా ప్యూజో డీజిల్ ఇంజనుకు లైసెన్సు తీసుకుంది. ఫ్యాక్టరీ మార్చిన బండ్లు కొన్నయితే, షెడ్డులో మార్చినవి ఇంకెన్నో. ట్రాక్టర్ ఇంజనును 3200 చుట్ల దగ్గర గంటల తరబడి తిప్పడం దాన్ని చంపడమే. అయిదు గేర్ల పెట్టె దొరికి అయిదో గేరు 0.8 అయితే అవే 80 కిలోమీటర్ల దగ్గర ఇంజను 2550 చుట్లకు దిగుతుంది. అమెరికాలో వార్న్ కంపెనీ ఇదే జీపు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక బిగించే ఓవర్‌డ్రైవ్ అమ్మి చుట్లను నాలుగోవంతు తగ్గించింది. మనవాళ్లకు ఆ సామాను అందలేదు. తరవాతి మహీంద్రా బండ్ల అయిదు గేర్ల పెట్టెలు తెచ్చి, బెల్ హౌసింగ్‌కు లేత్ మీద ప్లేటు కోసి, పొడవు పెరిగిన పెట్టెకు తగ్గట్టు ప్రొపెల్లర్ షాఫ్టు కత్తిరించి బ్యాలెన్సు చేయించి అదే ఫలితం సాధించారు. దీన్ని ఇంజనీరింగ్ అనకపోతే ఆ మాటకు అర్థం లేదు.

మన రోడ్ల మీద 80 వేగమే ఎక్కడిదని ఒక అభ్యంతరం ఉంది. ఒకప్పటికి అది న్యాయమైన మాటే. అంబాసిడర్ ఇంజను పుట్టిన బీఎంసీ బీ-సిరీస్ కుటుంబానికే చెందిన ఎంజీబీ కారుకు ఇంగ్లండులో లేకాక్ ఓవర్‌డ్రైవ్, దానికో స్విచ్చి అదనంగా కొనుక్కోగలిగేవారు. ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌కు దశాబ్దాల పాటు నాలుగు గేర్లే. 1990ల మొదట్లో ఇసుజు ఇంజను వచ్చినప్పుడు గానీ అయిదో గేరు రాలేదు. ఒంటి వరస రోడ్లు, ఎడ్లబండ్లు, లైసెన్సు రాజ్యం కలిసి అయిదో గేరు అవసరాన్ని కనబడనీయలేదు. కానీ ఓవర్‌డ్రైవ్‌ను వేగంతో కొలవడం పొరపాటు. యాభై, అరవై వేగంలోనూ ఇంజను చుట్లు అయిదోవంతు తగ్గితే ఆ మేరకు అరుగుదల తగ్గుతుంది. పైగా రోడ్లు మారాయి. తొమ్మిదో నంబరు నుంచి అరవై అయిదో నంబరైన విజయవాడ హైవే నాలుగు వరసలైంది. ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. పాత బండ్లు అవే గేర్లతో ఈ కొత్త రోడ్ల మీద పడ్డాయి.

లోడు బండికి పెద్ద గేరు చేటనే అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. స్విచ్చి ఎందుకో చెప్పేదీ అదే. నిండు లోడుతో ఓవర్‌డ్రైవ్‌లో లాగిస్తే ఇంజను తక్కువ చుట్ల మీద మూలుగుతుంది, నల్లపొగ కక్కుతుంది, వేడెక్కుతుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఓవర్‌డ్రైవ్‌లో ఉంటే ఇంజను బ్రేకు చాలక భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అమెరికన్ బోర్గ్‌వార్నర్ ఓవర్‌డ్రైవ్ తక్కువ వేగంలో ఫ్రీవీల్ అయ్యేది. దిగుడులో ఇంజను అసలు పట్టేదే కాదు, అందుకే దాన్ని పూర్తిగా కట్టేసే హ్యాండిల్ ఒకటి ఇచ్చారు. ఈటన్ రెండు వేగాల యాక్సిల్‌కు గేరు రాడ్డు మీదే బటన్ పెట్టారు. 1980ల నుంచి వచ్చిన నాలుగు గేర్ల ఆటోమేటిక్ పెట్టెలకు ఓవర్‌డ్రైవ్ ఆఫ్ బటన్ వచ్చింది. అది లేకపోతే మిట్టల్లో పెట్టె మూడుకూ నాలుగుకూ మధ్య ఊగిసలాడుతూ ఆయిలును కాల్చేస్తుంది. అలాంటి పెట్టెను కంప్యూటరు లేని పాత ట్రక్కుకు బిగించినవాడు టార్క్ కన్వర్టర్ లాకప్‌కు, అంటే ఇంజనునూ పెట్టెనూ జారకుండా కలిపి పట్టే ఏర్పాటుకు, స్విచ్చి తానే పెట్టుకోవాలి. దానికి ఫ్యూజు వేయాలి, బ్రేకు తొక్కగానే కరెంటు తెగేలా చూడాలి. బండి 24 వోల్టులదై, లాకప్‌ను నడిపే సొలినాయిడ్ 12 వోల్టులదైతే మధ్యలో తగిన ఏర్పాటు చేయాలి. ఖాళీ తిరుగు ప్రయాణంలో ఆన్, లోడుతో ఘాట్‌లో ఆఫ్. పెట్టె బిగించి స్విచ్చి వదిలేసిన మార్పిడి సగం పనే. 1909లో రోల్స్‌రాయిస్ ఓవర్‌డ్రైవ్‌ను వదులుకుంది. ఆ గేరు వేసే తీసే పనిని సులువు చేసి దాన్ని నిలబెట్టినవాళ్లు తరవాత వచ్చారు.

చివరి అభ్యంతరం చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను 2000లో సవరించారు. రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. కోర్టు ఆందోళన రోడ్డు భద్రత గురించి, అందులో తప్పు లేదు. అయితే అదే సెక్షన్ గ్యాసుకో బ్యాటరీకో ఇంజను మార్చుకోవడానికి దారి ఉంచింది. కిట్‌కు ఆమోదం, తనిఖీ, ఆర్‌సీలో నమోదు అన్నీ ఉన్నాయి. గేర్‌బాక్స్ నంబరు ఆర్‌సీలో ఉండనే ఉండదు కాబట్టి దాన్ని మార్చినా కాగితాల మీద కనబడదు. కనబడకపోవడం వల్ల షాఫ్టు బ్యాలెన్సు చేయించిన మేస్త్రీ పనికీ, వెల్డింగుతో సరిపెట్టిన పనికీ తేడా తేల్చేవారు లేరు. నిషేధం చెడ్డ పనిని ఆపలేదు, మంచి పనికి గుర్తింపు మాత్రం లేకుండా చేసింది. గ్యాసు కిట్లకు చూపిన దారినే గేర్‌బాక్సులకూ చూపాలి. ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకులు, వైరింగు, స్విచ్చి తనిఖీ చేసి ఆర్‌సీలో రాసే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలూ కేంద్రాన్ని అడగాలి. ఆటోనగర్లలో ఈ పని చేతులతో నేర్చుకున్న తరం వయసు మీద పడుతోంది. మోటారు మెకానిక్ కోర్సు చెప్పే ఐటీఐలు వాళ్లను పిలిపించి, వాళ్ల కొలతలూ పద్ధతులూ ఇప్పుడే రాయించి పెట్టాలి.