ఒక్కదాంట్లనా, అన్నిట్లనా?

సిరిసిల్లలోనూ, షోలాపూరు చేరిన మా నేతవాళ్ళ ఇళ్ళలోనూ మరమగ్గాన్ని సాంచా అంటారు. హిందీలో సాంచా అంటే అచ్చు. ఈ రెండు అర్థాలకూ చుట్టరికం ఉందని బొమ్మకార్లు పోగుచేసే అలవాటు వల్ల నాకు తెలిసింది.

నేను చెప్పేది రేకు బొమ్మల సంగతి కాదు, పోతపోసిన వాటి సంగతి. ఎక్కువ పాలు జింకు, కొంత అల్యూమినియం కలిపి కరిగించి, రెండు ఉక్కు దిమ్మెల మధ్య ఖాళీలోకి ఒత్తిడితో పంపుతారు. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1934 నుంచి వీటిని డింకీ పేరుతో అమ్మింది. 1953లో లండన్‌లోని లెస్నీ కంపెనీ చిన్న కార్లను అగ్గిపెట్టెలాంటి డబ్బాల్లో పెట్టి మ్యాచ్‌బాక్స్ అంది.

పోగుచేసేవాళ్ళు ఒకే కారును రెండు మూడు కొని పక్కపక్కన పెట్టి చూస్తారు. చూసినవాళ్ళకు పిచ్చిగా తోస్తుంది. రంగు తేడాను అంతగా నమ్మలేం, తర్వాత ఎవరైనా వేసి ఉండవచ్చు. పోతలోనే తేడా ఉంటే అది అచ్చు చెప్పే మాట.

ఈ చూపు నాకు పుస్తకాల వల్ల రాలేదు. మా పెదనాన్న అశోక్ చౌక్ దగ్గర ఒక కార్ఖానాలో చాదర్లు సరిచూసేవాడు. నెమలిపింఛం పువ్వులో తప్పు కనిపిస్తే "ఒక్కదాంట్లనా, అన్నిట్లనా?" అని అడిగేవాడు. ఒక్క చాదరులోనే ఉంటే పోగు తెగినట్టు. వరసగా అన్ని చాదర్లలో అదే చోట ఉంటే జకార్డు అట్టలో రంధ్రం తప్పినట్టు. కార్లదీ అదే లెక్క. ఒక్క కారుకే ఉన్న సొట్ట ఆ కారుది. అన్నిటికీ ఉన్న గీత అచ్చుది.

1960ల చివర మెకానో వాడి వదిలేసిన అచ్చులు కొన్ని కలకత్తాకు వచ్చాయి. వాటితో పోసిన కార్లు నిక్కీ టాయ్స్ పేరుతో అమ్ముడయ్యాయి. అడుగున డింకీ ఉండవలసిన చోట నిక్కీ వచ్చింది. అచ్చు అరిగినకొద్దీ తలుపు గీతలు మొద్దుబారతాయి, అంచుల్లో పలచటి లోహపు పొర మిగులుతుంది. అందుకే వీటిని నాసిరకం నకళ్ళని తీసిపారేసేవాళ్ళున్నారు. నాకు ఆ మాట నచ్చదు. అచ్చు అదే, పోసిన చేతులు వేరు. లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. ఆ అచ్చుల మలి జీవితం మన దేశంలో గడిచింది. పోసిన కూలీల పేర్లు మాత్రం ఏ కారు అడుగునా లేవు.

మన చాదర్ల కథ కూడా ఇంతే. నకళ్ళ బెడద ఉంది గనక కార్ఖానాలు తమ పేరు నేతలోనే వేయించుకున్నాయి. ఆ తర్వాత షోలాపూరు చాదరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరు నిలిచింది, యజమాని పేరు నిలిచింది. నేసినవాడి పేరు వేసే చోటు చాదరులో లేదు.

మా ఇంట్లో ఒకే సాంచా మీద దిగిన పాత చాదర్లు రెండున్నాయి. ఒకదాంట్లో పింఛం కన్ను కాస్త వంకర. రెండోదాంట్లో సరిగ్గా ఉంది. ఈ రెండిటి మధ్య ఏదో ఒక పూట పెదనాన్న ఆ అట్ట మార్పించాడు. దానికి కాగితం లేదు, సాక్షి లేడు. ఆయన చేసిన పనికి మిగిలిన ఆధారం ఈ రెండు చాదర్ల మధ్య తేడా ఒక్కటే.

మీ సందూకల్లో, అటకల మీద పాత చాదర్లుంటే పాత బట్టల కింద ఇచ్చేసే ముందు ఒక్కసారి పక్కపక్కన పరిచి చూడండి. మన పెద్దల చేతిరాత వాటిలో ఉండవచ్చు.