ఢోల్కల్ శిఖరము

బస్తరు సీమలో దంతెవాడకు సమీపమున బైలాడిలా పర్వతపంక్తి కలదు. ఎద్దుమూపురమువలె నగపడుటచేత దానికి ఆ పేరు వచ్చినది. ఆ పంక్తిలో, ఫరస్పాల్ గ్రామమునకు ఎగువను, డోలు నిలువబెట్టినట్లుండు రాతిశిఖరమే ఢోల్కల్. దాని యెత్తు సుమారు 3,000 అడుగులు. బండిత్రోవ లేదు, దట్టమైన అడవిలో నడచి, తుదకు రాళ్ళు పట్టుకొని యెక్కవలయును.

శిఖరమున గుడి లేదు, గోపురము లేదు, తుదకు కప్పైనను లేదు. ఇంచుమించు 3 అడుగుల నల్లరాతి వినాయకుడు ఎండకు వానకు నోర్చి ఆరుబయట కూర్చుండి యున్నాడు. పై చేతులలో పరశువును, విరిగిన దంతమును గలవు. ఉదరమున నాగబంధము గలదు. ఇది 10, 11 శతాబ్దులలో ఈ సీమ నేలిన ఛిందకనాగుల కాలపు శిల్పమని పురావిదులు తలచుచున్నారు. పరశురాముడు గణపతి దంతమును విరుగగొట్టిన తావిదే యనియు, ఆ పరశువు పేరనే ఫరస్పాల్ వెలసినదనియు స్థానికుల ఐతిహ్యము.

ఆ నాగరాజుల చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. బారసూరున దొరకిన క్రీ.శ. 1060 నాటి తెలుగు శాసనము నాగరాజైన జగదేకభూషణ ధారావర్షుని పేర్కొనుచున్నది. ఆతని సామంతుడును, తెలుగుచోడ వంశీయుడును అగు చంద్రాదిత్యుడు అచ్చట చెరువు త్రవ్వించి శివాలయము కట్టించెనని అందు గలదు. గోదావరికి ఆవలి అడవులలో రాజధర్మము తెలుగున మాటాడిన కాలమది.

దేవాలయమునకు మనము దేవుని జూడ బోవుదుము. ఢోల్కల్ నెక్కినవారికి వేరొక భావము కలుగును: ఇచ్చట దేవుడే నాడునంతను కనిపెట్టుచున్నాడు. నాలుగు దెసల అడవియు, లోయలును ఆతని పాదముల క్రిందనే పరచుకొని యుండును. ఈ విగ్రహమునకు కొండయే కావలిబురుజు.

కావలివానికి కావలి లేకపోయెను. 2017 జనవరిలో దుండగులు విగ్రహమును లోయలోనికి త్రోసివేసిరి. అది 56 ముక్కలయ్యెను. ఆ ముక్కలను అడవిలో వెదకి యేరి తెచ్చిరి; పురావిదుడు అరుణకుమార్ శర్మ పర్యవేక్షణమున వానిని అతికి, కొలది దినములలోనే మరల శిఖరముననే నిలిపిరి.

ప్రదర్శనశాలలో నుంచినచో విగ్రహమునకు భద్రత యెక్కువయే. కాని శిఖరము నుండి వేరుచేసిన నాడు అది వేలకొలది వినాయకప్రతిమలలో నొకటి యగును. దాని చూపునకు అడవి యుండదు. మరల అచ్చటనే నిలుపుట ఉచితమైన పని. ఇక దానిని కాపాడవలసినది కొండ యొక్కటియే కాదు. ఎక్కివచ్చు ప్రతి యాత్రికుడును.